పోయిన నెల బీపీ

కృష్ణానగర్‌లో వెంకటనర్సయ్య మందుల దుకాణానికి ఇంజెక్షన్ బెంచీయే సింహాసనంగా ఉండేది. దానిమీద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు మూసుకుని కూర్చుని ఉండేవారు. కిందటేడు ఒక కంపెనీవాళ్లు వచ్చి ఆ బెంచీ పీకేసి, ప్లైవుడ్‌తో ఒక అర లాంటిది కట్టారు. అందులో గోడకొక తెర, తెర నెత్తిన కెమెరా, ఎదురుగా నేలకు బిగించిన స్టూలు. పేషెంటు స్టూలుమీద కూర్చుంటే తెరమీదకు డాక్టరుగారు వస్తారు, నాలుగు నిమిషాలు మాట్లాడతారు, కింద మిషన్లోంచి చీటీ బయటికి వస్తుంది. దాని ప్రకారం మందులివ్వడం దుకాణం పని.

కంపెనీవాళ్లు ఈ ఏర్పాటు ఊరూరా చేశారట. కానీ సినిమావాళ్ల బస్తీ అయిన కృష్ణానగర్ సంగతి వాళ్లకు తెలియదు. మిగతా ఊళ్లలో కెమెరా చూస్తే జనం బిగుసుకుపోతారు. ఇక్కడ రోగం మరిచిపోతారు. చెవిపోటుతో వచ్చిన ఫైటరొకడు తనకు ఎడమవైపు బాగా వస్తుందని చెప్పి, ఎడమ చెంప తెరకు తిప్పి, కుడి చెవి గురించి చెప్పుకున్నాడు. ముసలి జూనియర్ ఆర్టిస్టొకాయన దగ్గి చూపించమంటే దగ్గి, సరిగ్గా రాలేదు, ఇంకో టేక్ చేద్దామని అడిగాడు. డాక్టరుగారు నవ్వుకుని రెండోది ఓకే చేశారు.

దుకాణంలో ఈ తెర బాధ్యత మంజులతది. వెంకటనర్సయ్య కోడలు. బి.ఫార్మసీ చదివింది, గోడమీద ఫ్రేము కట్టిన లైసెన్సులో ఉన్నది ఆమె పేరే. పేషెంటు లోపలికి వెళ్లకముందు బీపీ, నాడి, బరువు చూసి కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో వెయ్యాలి. ఆ తర్వాత ఆకుపచ్చ బొత్తాం నొక్కి బయట నిలబడాలి. లోపల మాట్లాడకూడదు. మొదట్లో ఒకసారి మాట్లాడింది. అన్నం తగ్గించానని డాక్టరుకు చెబుతున్న షుగర్ పేషెంటుతో, పొద్దున ఎదురు హోటల్లో నాలుగు బోండాలు తిన్న సంగతి గుర్తుచేసింది. సాయంత్రానికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, పేషెంట్ వాయిస్‌ని మనం గౌరవించాలి మేడమ్ అని తేనె పోసినట్టు చెప్పింది. వెంకటనర్సయ్య మటుకు అంత తియ్యగా చెప్పలేదు. తెర వచ్చాకే సందు చివరి పెద్ద దుకాణానికి పోయే జనం మళ్లీ మన మెట్లెక్కుతున్నరు, నువ్వు నడుమల నోరు పెట్టకు బిడ్డా అన్నాడు. ఆ తర్వాత ఆమె పెట్టలేదు.

అమ్మాజీ ఆ దుకాణానికి పాత చుట్టమే. పాలకొల్లు నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. యాభై మూడేళ్ల మనిషి, పచ్చటి రంగు, పెద్ద ముడి, ఒడ్డూపొడుగూ. అందుకని సినిమా పెళ్లిళ్లలో డబ్బున్న చుట్టాల వరుసలో నిలబెడతారు. ఆవిడ వెళ్లని పెళ్లి లేదు. ఒక్క పెళ్లిలోనూ భోజనాల దాకా ఉండనివ్వలేదు. పెళ్లయ్యాక తిరిగి వచ్చేది మాత్రం మేడమీద రేకుల పైకప్పున్న ఒంటిగదికి. ఆ గదిలో అక్క కూతురు భువన కూడా ఉంటుంది, గ్రూపు డాన్సరు. ఇద్దరికీ ఒకే రోజు పని దొరికితే గదికి తాళం, దొరక్కపోతే ఇద్దరి మధ్యా పేచీ.

ఈసారి ఫిల్మ్‌నగర్ గుట్టమీద సెట్టు వేసి పన్నెండు రోజుల పెళ్లి తీస్తున్నారు. అమ్మాజీ చోటు పెళ్లికూతురి తల్లి భుజం వెనక, చేతిలో వెండిపళ్లెం. కెమెరా ఎటు తిరిగినా ఆవిడ మొహం సగమైనా పడే చోటది. అలాంటి చోటు దొరకడం ఎంత కష్టమో, దొరికాక ఒక్కరోజు మానడం అంతకన్నా కష్టం. మొదటిరోజు అదే చీరలో, అదే నగలతో, అదే చోట నిలబడ్డ మనిషి పన్నెండోరోజు దాకా నిలబడాల్సిందే. మధ్యలో కనబడకపోతే పెళ్లిపందిట్లో కన్నం పడుతుంది. జ్వరమైనా సరే ప్యాకప్ అయ్యాకే రావాలమ్మా అని మేనేజరు ముందే చెప్పాడు.

మూడోరోజు సాయంత్రం ఆవిడ సెట్టునుంచి తిన్నగా దుకాణానికి వచ్చింది. మొహంమీద మేకప్ అలాగే ఉంది. కంచిపట్టు చీర సొంతమే. డబ్బున్న జనంగా నిలబడేవాళ్లు చీరలు ఇంటినుంచే తెచ్చుకోవాలి. మోచేతుల దాకా జర్దోసీ పనిచేసిన జాకెట్టు ఎప్పటిదో, ఈమధ్య బిగువై హుక్కులు పడకపోతే కాస్ట్యూమ్స్ కుర్రాడు పొద్దున ఒంటిమీదే టాకాలు వేసి కుట్టాడట. కాళ్లు పీకుతున్నాయి, డాక్టరుతో ఒక నొప్పి బిళ్ల రాయించమంది.

మంజులత ఆవిడ కాళ్లు చూసింది. చెప్పుల పట్టీలు విప్పినా పట్టీల అచ్చు చర్మంలో అలాగే ఉంది. వంగి మడమ పైన బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసి అయిదు లెక్కపెట్టినా అది పూడలేదు.

"అక్కా, కాళ్లు గిట్ల ఉబ్బినయేంది?"

"పొద్దున ఆరింటినుంచి పళ్లెం పట్టుకుని నిలబడి చూడు, నీకూ పడతాయి గుంటలు" అంటూ అమ్మాజీ కుచ్చిళ్లు కిందికి లాక్కుంది.

బీపీ పట్టీ జర్దోసీ రాళ్లమీద నిలవలేదు. చెయ్యి పైకి మడుద్దామంటే బిగువుకు చేతి కుట్టు పిగులుతుంది, పిగిలితే రేపటికి జాకెట్టు లేదు. నాడి చూసే క్లిప్పు వేలికి పెడితే గోళ్ల ఎర్రరంగుకు మిషన్ ససేమిరా అంది. మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెడితే సరిపోయేది. ఆ మణికట్టుకు రెండు డజన్ల గాజులున్నాయి. బయట మరో అయిదుగురు ఉన్నారు, అందులో ఒకడు నీళ్ల విరేచనాలవాడు.

"పోయిన నెల చూశావుగా మంజులా, అదే వేసెయ్. నెల్లో నేనేం మారిపోతాను?" అంది అమ్మాజీ.

ట్యాబ్‌లో పోయిన నెల నంబర్లు కనబడుతూనే ఉన్నాయి. నూట ఇరవై ఆరు, ఎనభై రెండు. నాడి డెబ్భై ఎనిమిది. మంజులత వాటినే వేసింది. వేస్తున్నప్పుడు పెద్ద తప్పు చేస్తున్నట్టేమీ అనిపించలేదు. బరువు కొలిచే మిషన్ పాడైనప్పుడు ఇలా ఎన్నోసార్లు వేసింది.

బొత్తాం నొక్కగానే కెమెరా పక్కన దీపం వెలిగింది. అమ్మాజీ స్టూలుమీద నిటారుగా కూర్చుంది, గడ్డం కొంచెం పైకెత్తింది, కాళ్లు స్టూలు కిందికి ముడిచింది. ఇరవై రెండేళ్ల అలవాటు అది. దీపం వెలిగితే ఆ ఒంట్లో నొప్పనేది ఉండకూడదు.

తెరమీదకు వచ్చిన డాక్టర్ సిద్ధార్థ మంచివాడే. వయసులో చిన్నవాడైనా ప్రశ్నలు వరసగా, మర్యాదగా అడుగుతాడు. కాళ్లు చూపించమన్నాడు. కెమెరా మొహం ఎత్తుకు బిగించి ఉంది. కాళ్లు చూపించాలంటే పట్టుచీర ఎత్తి స్టూలెక్కాలి. వద్దులెండి, నిలబడ్డ నొప్పే అంది ఆవిడ. వాపేమైనా ఉందా అన్నాడు. లేదంది.

"ఆయాసం ఉంటుందా అమ్మా? మెట్లెక్కితే?"

"అబ్బే, లేదండీ డాక్టరుగారూ, మా గది మూడో అంతస్తులో, రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతాను, మా అమ్మాయే నాకన్నా ముందు కూలబడుతుంది."

ఒక్క ఊపిరిలో చెప్పింది. బీపీ బాగుంది, పల్స్ బాగుంది అనుకుంటూ డాక్టరు నొప్పి బిళ్లలు అయిదు రోజులకు రాశాడు, గ్యాసుకొకటి రాశాడు. దీపం ఆరింది. ఆరగానే అమ్మాజీ గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరుచుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది. మంజులత గుమ్మంలోంచి చూసింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత చీటీ ప్రకారం బిళ్లలూ ఇచ్చింది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ బిళ్లలు ఒంట్లో నీరు ఇంకా పట్టిస్తాయని కాలేజీలో చదివిన పాఠమే. పరీక్షలో కూడా వచ్చింది. డాక్టరు చూశాడు కదా, డాక్టరే రాశాడు కదా అని ఆ రాత్రి రెండుసార్లు అనుకుంది. ఒకసారి అనుకుంటే సరిపోయేదైతే రెండోసారి ఎందుకనుకుంటుంది?

నాలుగురోజులకు భువన నడుముకు రాసుకునే మందు కోసం వచ్చి, మాటల్లో పిన్ని సంగతి చెప్పింది. పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకు దిండేసుకుని కూర్చునే నిద్రపోతోందట. కొప్పు చెదరకుండా ఉండటానికని అందరికీ చెబుతోందట. పడుకుంటే ఊపిరాడకపోవడమంటే ఏమిటో మంజులతకు తెలుసు. అమ్మాజీకి ఫోన్ చేసింది. షాట్‌లో ఉన్నానని ఆవిడ పెట్టేసింది.

తొమ్మిదోరోజు సాయంత్రం వచ్చింది. దుకాణానికి మూడే మెట్లు. రెండో మెట్టుమీద ఆగి, సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి, ఊపిరి కూడదీసుకుని మూడోది ఎక్కింది. బిళ్లలు అయిపోయాయి, ఇంకో అయిదు రోజులకు ఇమ్మంది. చెప్పవలసిన సంగతి ఇంకోటి ఉంది. అది చెప్పేటప్పుడు మొహం మేకప్‌ను దాటి వెలిగింది. డైలాగ్ ఇచ్చారు. ఎల్లుండి అప్పగింతల షాట్. పెళ్లికూతురి పిన్నిగా ముందుకు వచ్చి అత్తగారి చేతులు పట్టుకుని, 'వదినా, పిల్ల మీ పిల్లే అనుకోండి' అనాలి. ఇరవై రెండేళ్లలో మొదటి మాట. ఒక్కసారి మాట పడితే ఇక గుంపులో లెక్క కాదు, క్యారెక్టరు లెక్క.

అక్కడే కౌంటరు దగ్గర అని చూపించింది. 'వదినా' తర్వాత ఆగి, ఊపిరి పీల్చుకుని, తక్కినది అంది.

"ఆ గ్యాప్ చూశావూ? డైరెక్టరుగారికి అదే నచ్చింది. ఏడుపు ఆపుకుంటున్నట్టుందన్నారు."

మంజులత బిళ్లలు ఇవ్వనంది. ముందు డాక్టరుకు చూపించుకో, లిప్‌స్టిక్ తుడుచుకుని కూర్చో అంది. దూది తడిపి తనే పెదవి మీదకు తీసుకెళ్తే అమ్మాజీ ఆ చెయ్యి తోసేసింది.

"కెమెరా ముందుకు మొహం కడుక్కుని వెళ్లిన ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించు నాకు. అప్పుడు తుడుచుకుంటాను."

దూది అంటిన చోట మాత్రం ఎరుపు చెరిగింది. కింద పెదవి నేరేడుపండు తిన్నట్టుంది.

అమ్మాజీని స్టూలుమీద కూర్చోబెట్టి మంజులత బొత్తాం నొక్కింది. ఈసారి బయట నిలబడలేదు. అరలోకి దూరి కెమెరాకు కనబడేలా ఆవిడ పక్కన నిలబడింది. తెరమీద డాక్టర్ సిద్ధార్థ ఇద్దరినీ చూశాడు. ఒకరు పట్టుచీరలో, నిగనిగలాడే మొహంతో, చిరునవ్వుతో ఉన్నారు. రెండోవారు జిడ్డు మొహంతో, నిద్రలేని కళ్లతో ఉన్నారు.

"పేషెంట్ ఎవరమ్మా?" అన్నాడు.

అమ్మాజీ హాయిగా నవ్వింది. మంజులత మాత్రం చెప్పదలుచుకున్నది చెప్పింది. కాళ్ల వాపు, నొక్కితే గుంట, కూర్చుని నిద్రపోవడం, పెదవుల రంగు, మూడు మెట్లకు వచ్చిన ఆయాసం. డాక్టరు మొహంలో అలసట పోయింది. ముందుకు వంగాడు. నొప్పి బిళ్లలు వెంటనే ఆపమన్నాడు. ఈసీజీ, ఎకో అన్నాడు. బీపీ ఎంత అని అడిగాడు. మళ్లీ అదే జాకెట్టు, అదే బిగువు, అదే గోళ్ల రంగు. ఇవాళ తీయలేకపోయానని మంజులత చెప్పింది.

"మా మంజుల అంతేనండీ, తుమ్మితే అంబులెన్స్ పిలుస్తుంది" అంది అమ్మాజీ.

డాక్టరు పాత వివరాలు తెరిచాడు. ఆయన కళ్లు ఎడమనుంచి కుడికి కదలడం తెలుస్తోంది.

"ఆరు రోజుల క్రితం రీడింగ్స్ నార్మలే ఉన్నాయి. పల్స్ డెబ్భై ఎనిమిది. హార్ట్ అంత ఇబ్బంది పడుతుంటే అలా ఉండదు మరి. ఇది మీరే తీశారు కదా మేడమ్?"

అర బయట వెంకటనర్సయ్య నిలబడి ఉన్నాడు. ప్లైవుడ్ సందులోంచి ఆయన తెల్లచొక్కా కనబడుతోంది. తప్పుడు నంబరు వేసిందని తెలిస్తే కంపెనీ తెర పీక్కుపోతుంది, ఆమె లైసెన్సు సంగతీ తేలుస్తుంది. మంజులత నోరు తెరిచింది. తల ఊపింది.

"అయితే ఎమర్జెన్సీగా పరిగెత్తక్కర్లేదు. కానీ అశ్రద్ధ చెయ్యొద్దమ్మా, రెండు మూడు రోజుల్లో ఈసీజీ, ఎకో చేయించుకోండి."

చీటీ బయటికి వచ్చింది. అమ్మాజీ దాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర మంజులత ఆవిడ చెయ్యి పట్టుకుని, రేపు పొద్దున్నే పోదాం, నేనే తోలుకపోత అక్కా అని బతిమాలింది. అమ్మాజీ ఆమె చెంప తట్టింది.

"డాక్టరే అన్నాడుగా రెండు మూడు రోజులని. ఎల్లుండి షాట్ అయిపోనీ. అవతలి రోజు నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

ఎల్లుండి షాట్ అయింది. రెండో టేక్ ఓకే అయ్యిందట; మొదటిదాంట్లో ఆవిడ తప్పేం లేదట, వెనక పూలదండ జారిపడిందట. చప్పట్లు కూడా కొట్టారట. సెట్టు వెనక కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగింది. తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. ప్రొడక్షన్ వాన్‌లో వేసుకుని గుట్ట దిగి బంజారాహిల్స్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ వాళ్లు చెయ్యవలసిందేమీ మిగల్లేదు.

ఆవిడ పోయిన నాలుగోరోజు మధ్యాహ్నం భువన దుకాణానికి వచ్చింది. ఆమెను చూసి మంజులత కూర్చున్నచోటే ఉండిపోయింది. అదే కంచిపట్టు చీర, అదే జర్దోసీ జాకెట్టు. పన్నెండు రోజులు దాటినా పెళ్లిలో ఇంకా కొన్ని షాట్లు మిగిలాయి, పెళ్లికూతురి తల్లి వెనక కన్నం పడింది. భువనది పిన్ని ఒడ్డూపొడుగే కాబట్టి వీపు కనబడేలా నిలబడమన్నారు. మైలలో ఉన్నాను, పందిట్లోకి ఎలా వస్తానంటే, సెట్టు పెళ్లికి మైల ఉండదమ్మా అని అసిస్టెంటు డైరెక్టరు ధర్మసందేహం తీర్చాడట. పిన్ని డైలాగ్ ఉంచుతున్నారు. గొంతు మాత్రం డబ్బింగులో వేరే ఆవిడ చెబుతుందట. ఇదంతా చదివిన పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.

మరణం తాలూకు కాగితాల కోసం ఆస్పత్రివాళ్లు పాత చీటీలు అడిగారు. అందుకు వచ్చింది. వెంకటనర్సయ్య తనే ట్యాబ్ అందుకుని రెండు చీటీలూ తీసి ఇచ్చాడు. మనదాంట్ల అంత సాఫ్‌గ ఉన్నది బిడ్డా, డాక్టరు చూసిండు, పరీక్షలు రాసిండు, పోవద్దని మేమన్నమా అని తనకు తాను చెప్పుకున్నట్టు చెప్పాడు.

భువన మొదటి చీటీ చదివింది. మళ్లీ చదివింది.

"ఆంటీ, బీపీ నార్మల్, పల్స్ నార్మల్ అని ఉంది. ఎనిమిది రోజుల్లో మనిషి ఇంత మారిపోతుందా?"

"గుండె సంగతి ఎవలకెర్క బిడ్డా" అన్నాడు వెంకటనర్సయ్య.

"పిన్ని ఆ రోజు గదికి వచ్చి ఏమందో తెలుసా? మంజుల మంచిది, కాళ్లు చూసింది కానీ డాక్టరు దగ్గర ఒక్క ముక్క బయటపెట్టలేదంది. నాకేమో అప్పుడు మీరంటే భలే ఇష్టం వేసింది."

దెప్పడానికి అన్న మాట కాదది. అలా అని ఉంటే మంజులతకు తేలికగా ఉండేది. ఆమె కౌంటరు ఇవతలికి వచ్చింది.

"గా నంబరు ఆ దినం తీసింది కాదు భువనా. పోయిన నెలది. నేనే వేసిన. నాడి గూడ చూడలె. రెండోసారి డాక్టరు నువ్వే తీసినవా అని అడిగితే అవునని తల ఊపిన. నేను కాదన్నుంటే ఆయన ఆ పొద్దే దవాఖానకు పొమ్మంటుండె."

"మంజులా" అన్నాడు వెంకటనర్సయ్య. కోపంగా అనలేదు. మెట్లమీద వరసలో ఉన్నవాళ్లకు వినబడకుండా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "పోయినామె రాదు. దుకాణం పోతది."

భువన చీటీని పట్టుకునే నిలబడింది. మొహం మీద మేకప్ ఉంది కాబట్టి ఏడిస్తే కరుగుతుంది. రెండింటికి షాట్ ఉంది. పైకి చూస్తూ కళ్లు ఆర్పింది.

"పిన్ని వెళ్లేది కాదు ఆంటీ. అప్పుడే పొమ్మన్నా వెళ్లేది కాదు" అంది. చీటీ మడుస్తూ, "ఏమో. వెళ్లేదేమో" అంది.

మంజులత మామ చేతిలోని ట్యాబ్ తీసుకుని, భువనకు చెప్పిందే డాక్టరుకూ చెప్పాలని ప్లైవుడ్ అరలోకి వెళ్లింది. పేషెంటు పేరు రాసే చోట తన పేరు రాసింది, బొత్తాం నొక్కింది. ఏడాదిగా ఎంతోమందిని కూర్చోబెట్టిన ఆ స్టూలుమీద మొదటిసారి తను కూర్చుంది. అంత ఎత్తులో ఉంటుందని అనుకోలేదు. పాదాలు నేలకు ఆనలేదు.

దీపం వెలిగింది. డాక్టర్ సిద్ధార్థ తెరమీదకు వచ్చి, ఎదురుగా కూర్చున్న మనిషిని వెంటనే గుర్తుపట్టక, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"చెప్పండమ్మా. ఎప్పటినుంచి ఉంది?"